ఇంటివద్ద అక్షరధ్వనుల బోధన

అక్షరధ్వనుల బోధన అనగా పిల్లలకు అక్షరం పేరును, ఆకారాన్ని చూపి ఊరుకొనక, ఆ అక్షరం నోట ఏ ధ్వనిగా పలుకుతుందో, అటువంటి ధ్వనులు కలిసి మాటగా ఎట్లా ఏర్పడుతాయో నేర్పే పద్ధతి. సాధారణంగా 3 సంవత్సరాలు నిండిన నాటినుండి ఒకటవ తరగతి ముగిసేవరకు ఇది సాగుతుంది. తెలుగునాట ఓనమాలు, వర్ణమాల, గుణింతం, వత్తులు అనే పేర్లతో తరతరాలుగా ఇంటిలోను, వీధిబడిలోను జరుగుతూ వచ్చినది ఇదే. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఆంధ్రప్రదేశ్ దక్షిణ తీరంలోని కోట ప్రాంతపు వాడుక మాటలనుండి తీసుకొనబడినవి. పద్ధతి మాత్రం తెలుగు మాట్లాడే ఏ ఇంటికైనా వర్తిస్తుంది.

'అ' నుండి 'ఱ' వరకు తప్పు లేకుండా అప్పజెప్పే బిడ్డ, 'క' గుణింతం ఒక్క గుక్కలో వల్లించే బిడ్డ, ఎదురుగా గోడమీద ఉన్న రెండక్షరాల మాటను చదవలేకపోవడం చాలా ఇళ్ళలో కనబడే విషయం. ఆ బిడ్డకు తెలివి లేదని పెద్దలు అనుకొంటారు. నిజానికి అతనికి వరుస వచ్చినది, ధ్వని రాలేదు. ఈ రెండింటికి గల భేదమే ఈ అంశంలో ముఖ్యమైనది.

తెలుగు అక్షరం స్వభావం

తెలుగు లిపిలో ప్రతి హల్లులోను 'అ' అనే అచ్చు ఇమిడి ఉంటుంది. 'క' అని వ్రాసినపుడు అది క్ + అ. అందువలన తెలుగు అక్షరం ఒక్క ధ్వనికి గుర్తు కాదు, ఒక పలుకుకు గుర్తు. రోమన్ లిపిలో అక్షరం పేరు వేరు, దాని ధ్వని వేరు. తెలుగులో అక్షరం పేరే దాని ధ్వని. ఇది తెలుగు బిడ్డకు పుట్టుకతో లభించిన సౌకర్యం. 'ప', 'ల', 'క' అనే మూడు అక్షరాలు వచ్చిన పిల్లవాడు వాటిని వరుసగా పలికితే చాలు, 'పలక' అనే మాట దానంతట అదే వినబడుతుంది.

ఈ సౌకర్యానికి ఒక మూల్యం కూడా ఉన్నది. అచ్చు గుర్తులు, వత్తులు చేరిన కొద్దీ రూపాల సంఖ్య పెరిగిపోతుంది. తెలుగు లిపికి దగ్గరి చుట్టమైన కన్నడ లిపిని పిల్లలు ఎట్లా నేర్చుకొంటారో పరిశోధించి సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, అక్షరాల పూర్తి సమూహంపై పట్టు దొరకడానికి పిల్లలకు మొదటి ఒకటి రెండు తరగతులు చాలవు, నాలుగవ తరగతి వరకు సమయం పడుతుంది. మాటను పలుకులుగా విడదీయడం పిల్లలకు త్వరగా వస్తుంది కాని, పలుకులోని హల్లును, అచ్చును వేరుగా వినగలగడం నిదానంగా వస్తుంది. ఒకటవ తరగతి బిడ్డ గుణింతాలన్నీ తడుముకోకుండా చదవాలని తొందరపడే తల్లిదండ్రులు ఈ విషయం గమనించవలెను.

సంప్రదాయ లెక్కలో అక్షరాలు 56. చిన్నయసూరి బాలవ్యాకరణం మాత్రం తెలుగుకు 36 వర్ణాలనే చెప్పినది. మిగిలినవి సంస్కృతాది భాషల మాటలకోసం వచ్చి చేరినవి. ఇంటివద్ద చెప్పేవారికి ఈ 36 అనే సంఖ్య ఎంతో ఊరట కలిగిస్తుంది. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ వంటి ఒత్తు హల్లులు 4 ఏండ్ల బిడ్డ మాటలలో రానే రావు. పెద్దలే సాధారణ సంభాషణలో వాటిని స్పష్టంగా పలకరు. ఙ, ఞ అనేవి విడిగా ఏ వాడుక మాటలోను కనబడవు. వాటిని మొదటి సంవత్సరం పక్కన పెట్టినందువలన చదువుకు ఏ లోపమూ రాదు.

ఇసుకలో ఓనమాలు

'ఓనమాలు' అనే మాట 'ఓం నమః శివాయ సిద్ధం నమః' అనే ప్రార్థనలోని తొలి అక్షరాలనుండి పుట్టినది. ఇందులోని 'సిద్ధం నమః' అనే భాగం జైనుల విద్యాసంప్రదాయంనుండి వచ్చినదని పండితులు భావిస్తారు. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టుకొని దిద్దించడం నేటికీ ఉన్న ఆచారం.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్ 25న రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసినదిగా ఆదేశించాడు. 1826లో క్రోడీకరించిన లెక్క ప్రకారం రాజధాని మొత్తంలో 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు ఉండిరి. ఈ నివేదికలలో బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823లో పంపినది విద్యాచరిత్రలో ప్రసిద్ధమైనది. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్ళారి జిల్లాలోనిదే. క్యాంప్‌బెల్ స్వయంగా తెలుగు వ్యాకరణం (1816) రచించినవాడు కనుక అతని పరిశీలనకు విలువ ఉన్నది. బిడ్డకు 5వ ఏట ఇంటివద్దనే గురువును, బడిపిల్లలను పిలిచి, గణపతి ఎదుట కూర్చుండబెట్టి, బియ్యంలో వ్రాయించేవారని, ఆ మీదట బడిలో ఇసుకపై వేలితో వ్రాస్తూనే అక్షరాలు నేర్చుకొనేవారని అతడు వ్రాశాడు. ఐరోపాలో వలె అక్షరమాలను ఉచ్చరిస్తూ కాక, వ్రాస్తూ నేర్చుకొనడం అతనికి విశేషంగా తోచినది. ఆ నివేదికలోనే ఒక మందలింపు కూడా ఉన్నది. పిల్లలు ఎన్నో పద్యాలు కంఠస్థం చేస్తారు కాని, వాటి అర్థం విషయంలో చిలుకకు, వారికి తేడా లేదని అతని ఆక్షేపణ. రెండు వందల సంవత్సరాల తరువాత కూడా ఆ ఆక్షేపణ పూర్తిగా చెల్లిపోలేదనే చెప్పవలసి ఉన్నది.

ఇసుకలో వ్రాత మన తీరంనుండి ఇంగ్లండుకు ప్రయాణించినది. 1789లో మద్రాసు అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్, ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకపై వ్రాయడం చూసి, తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతితో పాటు దీనిని గురించి 1797లో లండనులో పుస్తకం ప్రచురించాడు. అదే 'మద్రాసు పద్ధతి'గా పేరు పొందినది. 1939లో అదే మద్రాసులోని అడయారుకు వచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో ఉప్పుకాగితంతో కత్తిరించిన అక్షరాలను బిడ్డ వేలితో తడుముతూ, అక్షరం పేరును కాక ధ్వనిని పలుకుతుంది. కన్ను, చెవి, నోరు, వేలు నాలుగూ ఒకేసారి పనిచేయడం ఈ రెండు పద్ధతులలోని కీలకం. ఓనమాల ఇసుకకు, మాంటిస్సోరి ఉప్పుకాగితానికి ఇంతటి పోలిక ఉన్నా, మన ఇళ్ళలో ఇసుకను పాతకాలపు పద్ధతిగాను, రెండవదానిని ఖరీదైన కొత్త పద్ధతిగాను చూడడం విచిత్రం.

19వ శతాబ్దంలో అచ్చుపుస్తకాలు వచ్చిన తరువాత పుదూరు చదలవాడ సీతారామశాస్త్రి రచించిన బాలశిక్ష, దానిని పెంచి కూర్చిన పెద్దబాలశిక్ష తెలుగు ఇళ్ళలో తొలి వాచకాలైనవి. ఇసుక స్థానంలో పలక, బలపం వచ్చినవి.

కోట ప్రాంతం, ఇంటి భాష

కోట గూడూరుకు తూర్పున, సముద్రానికి చేరువలో ఉన్న మండల కేంద్రం. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో తిరుపతి జిల్లాలో చేర్చబడినది. వరిపొలాలు, రొయ్యల చెరువులు, తాటిచెట్లు, తూర్పున బంగాళాఖాతం ఇక్కడి పిల్లలు కళ్ళు తెరచి చూసే ప్రపంచం.

పుస్తకంలోని తెలుగుకు, ఇంటి తెలుగుకు గల దూరం అక్షరధ్వనుల బోధనలో తొలి అడ్డంకి. అక్కడ, ఇక్కడ, ఎక్కడ అనేవి ఈ ప్రాంతపు నోట 'ఆడ, ఈడ, యాడ' అవుతాయి. చేపను 'చాప' అని పలికేవారు నెల్లూరు సీమలో ఎందరో ఉన్నారు. చేప బొమ్మ చూపి 'చే' నేర్పబోయిన పెద్దవారికి బిడ్డ 'చాప' అని జవాబు చెబుతుంది. బిడ్డ తప్పు చెప్పలేదు, ఇంటిలో విన్నదే చెప్పినది. ఇటువంటి చోట కసరడం వలన బిడ్డ తన నోటినే అనుమానించడం మొదలుపెడుతుంది. 'మనం ఇంట్లో చాప అంటాం, పుస్తకంలో చేప అని వ్రాస్తారు' అని చెబితే సరిపోతుంది. కొంతకాలం వరకు 'చే' అక్షరానికి చేప బొమ్మను మాని 'చేయి'ని వాడడం మరింత మేలు.

పదాదిలో ఎ, ఏ, ఒ, ఓ ల ముందు య, వ ఛాయలు వినబడడం తెలుగువారందరికీ ఉన్న అలవాటు. 'ఎలుక' అనే మాట 'యెలుక'గా, 'ఒకటి' అనే మాట 'వొకటి'గా పలుకుతారు. ధ్వనిని బట్టి వ్రాసే బిడ్డ అట్లాగే వ్రాస్తుంది. అది చెవి చక్కగా పనిచేస్తున్నదనడానికి గుర్తు. దిద్దవలసిన తప్పే గాని బెంగపడవలసినది కాదు.

చెవితో మొదలు

పలక పట్టించడానికి ముందు చెవికి పని చెప్పవలెను. ఇందుకు పుస్తకం అవసరం లేదు. వంట చేస్తూనో, నీళ్ళు పోస్తూనో, బస్సులో కూర్చొనో చేయదగిన పని ఇది. మాటకు ఎన్ని పలుకులుంటే అన్ని చప్పట్లు కొట్టించడం మొదటి మెట్టు. అల అంటే రెండు, పడవ అంటే మూడు, వంకాయ అంటే మూడు. తరువాత, ఒకే ధ్వనితో మొదలయ్యే మాటలు వెదికించవలెను. పాప, పాలు, పాము, పార చెప్పి, నడుమ 'కాకి' అని చేర్చి, వేరుగా వినబడినది ఏదని అడగవచ్చును. మాటలో ఒక పలుకును తీసివేస్తే ఏమి మిగులుతుందో చెప్పించడం మరికొంత కష్టమైన ఆట. 'పలక'లో 'ప' తీసివేస్తే 'లక', 'కడవ'లో 'వ' తీసివేస్తే 'కడ'.

తెలుగులో హ్రస్వదీర్ఘాల భేదం అర్థాన్నే మార్చివేస్తుంది కనుక ఆ భేదం చెవికి పట్టడం చాలా అవసరం. మెడ, మేడ. వడ, వాడ. కొన, కోన. తెగ, తేగ. తాటితేగలు తిని పెరిగే తీరప్రాంతపు పిల్లలకు చివరి జంట వెంటనే అర్థమవుతుంది. హ్రస్వానికి ఒక వేలు చూపి, దీర్ఘానికి రెండు చేతులు సాగదీయించే ఆట పిల్లలకు ఇష్టం. ఇది చెవితో వచ్చిన బిడ్డకు తరువాత దీర్ఘం గుర్తు చూపితే అది కొత్త పాఠంగా ఉండదు, తెలిసిన సంగతికి ఒక గీత మాత్రమే.

ఆరు అక్షరాలు, పన్నెండు మాటలు

వర్ణమాల వరుస శాస్త్రీయమైనది. కంఠంనుండి పెదవుల వరకు ధ్వనులు పుట్టే చోటును బట్టి వర్గాలను కూర్చిన క్రమం అది. కాని శాస్త్రక్రమం వేరు, బిడ్డ నేర్చుకొనే క్రమం వేరు. అ, ఆ, ఇ, ఈ అని వరుసగా 16 అచ్చులు నేర్చిన బిడ్డ వాటితో చదవగలిగే మాటలు దాదాపు లేవు. ఎన్ని వారాలు గడచినా చదువు ఫలితం కనబడదు.

దీనికి మారుగా అ, ల, వ, ప, డ, క అనే ఆరు అక్షరాలతో మొదలుపెట్టినచో అల, వల, వడ, కల, కడ, పడవ, కడవ, పలక, పడక, అలక, కలప, కవల అనే పన్నెండు మాటలు చదవవచ్చును. ఒక్క గుణింతం గుర్తు కూడా అవసరం లేదు. అల, వల, పడవ తీరంలోని బిడ్డకు తన ఊరి మాటలు. రోజుకు ఒక అక్షరం చొప్పున కాక, రెండు మూడు దినాలకు ఒకటి చొప్పున సాగినా మూడు వారాలలో బిడ్డ తనంతట తాను ఒక మాట చదువుతుంది. ఆ మొదటి మాట చదివిన సంతోషం తరువాతి ఆరు నెలల శ్రమకు పెట్టుబడి.

దీని తరువాత త, ట, న, మ, ర, గ, స, చ, బ, ద వంటివి క్రమంగా చేర్చవచ్చును. చూపునకు ఒకే విధంగా ఉండే అక్షరాలను ఒకే వారంలో నేర్పరాదు. వ, ప, మ, య ఒక గుంపు. ప, ష, స మరొక గుంపు. బ, ట ఇంకొకటి. వీటిలో ఒకటి గట్టిగా నిలిచిన తరువాతనే రెండవది చూపవలెను. అక్షరాన్ని చూపి 'ఇది ఏమిటి' అని పదేపదే అడగడంకంటె, నాలుగు అక్షరాలు వ్రాసి 'ల ఎక్కడ ఉన్నది' అని వెదికించడం బిడ్డకు సులభం.

వ్రాతకు తొలినాళ్ళలో పలక అవసరం లేదు. పళ్ళెంలో ఇసుక, బియ్యపు రవ్వ, లేదా పెరటిలోని నేల చాలును. బలపం పట్టే వేళ్ళకు బలం రాకముందే గీతల పుస్తకంలో వ్రాయించడం వలన చదువంటే చేతినొప్పి అనే భావం స్థిరపడుతుంది.

గుణింతం: పాటా, పట్టికా

గుణింతం నిజానికి ఒక ధ్వని పట్టిక. హల్లు స్థిరంగా ఉండి అచ్చు మారుతూ ఉంటే పలుకు ఎట్లా మారుతుందో చూపే అందమైన ఏర్పాటు అది. ఇంతకంటె స్పష్టంగా అచ్చును, హల్లును విడదీసి చూపే సాధనం రోమన్ లిపి వాడే భాషలలో లేదు. అయితే ఆచరణలో అది పాటగా మారిపోయినది. 'క, కా, కి, కీ' అని లయతో వల్లించే బిడ్డను ఆపి, 'నే' అనే అక్షరం ఒక్కటే వ్రాసి చూపితే, బిడ్డ 'న, నా, ని, నీ, ను, నూ' అని లోలోపల మొదటినుండి నడచి వచ్చి 'నే' వద్ద ఆగుతుంది. పేరు పిలిస్తే పలకవలసిన అక్షరం, వరుసలో నిలబడితే తప్ప దొరకడం లేదన్నమాట. చదువులో వేగం రాకపోవడానికి ఇది ప్రధాన కారణం.

ఒక్కొక్క హల్లుకు 16 రూపాల చొప్పున 35 హల్లులకు 560 రూపాలు. వీటిని 560 వేరువేరు బొమ్మలుగా నేర్చుకొనవలసిన పని లేదు. 35 హల్లులు, 15 గుర్తులు తెలిస్తే చాలును. అంటే 50 అంశాలు. ఈ సంగతి బిడ్డకు మాటలతో చెప్పి ప్రయోజనం లేదు, చేతికి తెలియవలెను. అందుకు మార్గం అడ్డంగా సాగే వరుసను నిలువుగా తిప్పడం. 'క' గుణింతం మొత్తం ఒకసారి నేర్పక, దీర్ఘం అనే ఒక్క గుర్తును తీసుకొని, తెలిసిన అక్షరాలన్నిటికి చేర్చి చూపవలెను. కా, పా, లా, వా, డా. వెంటనే పాప, పాక, వాడ, కాడ అనే మాటలు చదవవచ్చును. ఈ గుర్తు తలకట్టును తీసివేసి తాను కూర్చొంటుందని, 'అ' పోయి 'ఆ' వచ్చినదని బిడ్డకు అర్థమైనచో గుణింతంలో సగం రహస్యం విడిపోయినట్లే. తరువాత గుడి చేర్చితే కాకి, అడవి, వాకిలి, పిడక, పిలక. ఒక్కొక్క గుర్తుకు ఒక వారమో, పది దినాలో పట్టవచ్చును. తొందర లేదు.

ఓత్వం వచ్చిన నాడు కోట ప్రాంతపు పిల్లలకు ఒక బహుమానం సిద్ధంగా ఉంటుంది. 'ట' ముందే వచ్చి ఉంటే, బస్సు ముందు బోర్డుమీది 'కోట' అనే మాటను తామే చదువుతారు. ఏ ఊరివారికైనా తమ ఊరి పేరు, ఇంటివారి పేర్లు ఇట్లాగే ఉపయోగపడతాయి. నాయనమ్మ పేరు చదివిన బిడ్డకు అక్షరం దేనికి పనికివస్తుందో ఎవరూ వివరించనక్కరలేదు.

కొన్ని గుణింత రూపాలు నియమం తప్పుతాయి. 'వ'కు మామూలు కొమ్ము ఇచ్చినచో అది 'మ' వలె కనబడుతుంది కనుక 'వు'లో కొమ్ము వేరే విధంగా తగులుతుంది. 'పు' కూడా అంతే. 'వి', 'మి' లను పిల్లలు చాలాకాలం తారుమారు చేస్తారు. ఇవి ధ్వనికి సంబంధించిన తప్పులు కావు, చూపునకు సంబంధించినవి. రెండింటిని పక్కపక్కన వ్రాసి తేడాను బిడ్డచేతనే చెప్పించితే చాలా వరకు తొలగిపోతాయి.

సున్న, వత్తులు, రెండు చ లు

అక్షరం పేరే దాని ధ్వని అనే సూత్రం మూడు చోట్ల సడలుతుంది. మొదటిది సున్న. అంకె, మంచం, పండు, పంతులు, పంపు అనే అయిదు మాటలలోను ఒకే సున్న ఉన్నా, తరువాతి హల్లును బట్టి నాలుక వేరువేరు చోట్ల తగులుతుంది. మాట చివర అది 'మ్' అవుతుంది. దీనిని బిడ్డకు వివరించనక్కరలేదు. మాటను సహజంగా పలికితే నోరే సరిచేసుకొంటుంది. 'పం - డు' అని విడదీసి, సున్నను 'అమ్' అని బలవంతంగా పలికించడం మాత్రం చేయరాదు. అప్పుడు బిడ్డకు 'పమ్‌డు' వినబడుతుంది, అటువంటి పండు ఏ చెట్టునా కాయదు.

రెండవది చ, జ లు. తెలుగు మాటలలో ఇ, ఈ, ఎ, ఏ ల ముందు ఇవి తాలవ్యాలు, తక్కిన అచ్చుల ముందు దంత్యాలు. చిలుక, చెట్టు ఒక తీరు. చలి, చుక్క మరొక తీరు. జిల్లేడు ఒక తీరు, జడ, జొన్న మరొక తీరు. పూర్వం దంత్యాలకు ౘ, ౙ అనే గుర్తులు వాడేవారు. బిడ్డ ఈ భేదాన్ని మాటలు నేర్చేటప్పుడే గ్రహించి ఉంటుంది. పెద్దలు అక్షరాన్ని విడిగా ఒకే విధంగా పలికి, మాటలో మరొక విధంగా పలికినపుడు ఎందుకని అడిగితే ఆశ్చర్యపోరాదు.

మూడవది వత్తులు, అన్నిటికంటె కష్టమైనవి. వ్రాతలో పై అక్షరానికి తగిలించిన అచ్చు గుర్తు, పలుకులో కింది అక్షరం తరువాత వినబడుతుంది. 'కుర్చీ' అనే మాటలో గుడిదీర్ఘం 'ర'మీద ఉన్నది, 'ఈ' ధ్వని మాత్రం 'చ' తరువాత వస్తుంది. కొత్తగా చదివే బిడ్డ 'కురీచ' అని చదవడం బుద్ధిలేక కాదు, కంటికి కనబడినది కనబడినట్లు చదవడమే. అందుచేత ముందుగా ద్విత్వాలతో మొదలుపెట్టవలెను. అక్క, అమ్మ, అన్న, అవ్వ, పిల్ల, బువ్వ. ఇంటినిండా ఉన్నవి ఇవే మాటలు. త, న, మ, య, ర, ల ల వత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు కనుక వాటిని విడిగా గుర్తుపట్టించవలెను. సంయుక్తాక్షరాలు ఒకటవ తరగతి చివరకు, సంశ్లేషాక్షరాలు ఆ మీదట చాలును. 'స్త్రీ' అనే మాట వ్రాయలేదని 5 ఏండ్ల బిడ్డను కోప్పడే ఇల్లు ఉండరాదు.

ఆంగ్ల అక్షరాలు

నేటి ఇళ్ళలో తెలుగు కంటె ముందే ఆంగ్ల అక్షరమాల ప్రవేశిస్తున్నది. ఆంగ్లంలో 26 అక్షరాలకు దాదాపు 44 ధ్వనులు. 'సి' అని పిలిచే అక్షరం 'క్యాట్'లో 'క్'గా పలుకుతుంది. 'హెచ్' అనే పేరులో 'హ్' వినబడినా, 'డబ్ల్యు' అనే పేరులో దాని ధ్వని జాడ కూడా లేదు. పేర్లు మాత్రమే నేర్చిన బిడ్డకు మాట చదవడానికి దారి దొరకదు. అమెరికాలో 2000లో వెలువడిన జాతీయ పఠన మండలి నివేదిక, ఇంగ్లండులో 2006 నాటి రోజ్ నివేదిక అక్షరధ్వనులను క్రమపద్ధతిలో నేర్పవలెనని సిఫారసు చేసినవి.

ఇక్కడ తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. 'బి' అక్షరం ధ్వని చెప్పమంటే మనం అలవాటుకొద్దీ 'బ' అంటాము. 'బ, యా, ట' అని కలిపితే 'బ్యాట్' రాదు. చెప్పవలసినది 'బ', 'ట' అని కాదు, 'బ్', 'ట్' అని. దీనికి పరిష్కారం తెలుగులోనే ఉన్నది, అది పొల్లు. పొల్లు హల్లులు పలకడం వచ్చిన బిడ్డకు ఆంగ్ల ధ్వనులు కలపడం సులభం. కనుక తెలుగు గుణింతం అర్థమైన బిడ్డ ఆంగ్లంలో వెనుకబడుతుందనే భయానికి ఆధారం లేదు. ఎఫ్, జెడ్ ధ్వనులు, వి-డబ్ల్యు ల భేదం తెలుగులో లేవు కనుక వాటిని పెదవులు, పళ్ళు చూపి విడిగా పలికించవలెను. రెండు లిపులను ఒకే రోజు కొత్తగా మొదలుపెట్టడం మాత్రం మంచిది కాదు.

చదువు రాని పెద్దలు ఉన్న ఇల్లు

అక్షరధ్వనులు నేర్పడానికి పెద్దలు చదువుకొన్నవారే కానక్కరలేదు. పైన చెప్పిన చెవి ఆటలకు అక్షరజ్ఞానం అవసరం లేదు. కథ చెప్పే అవ్వ, పొడుపుకథ వేసే తాత, చేపల బేరంలో లెక్క కట్టే తల్లి బిడ్డ చెవిని సిద్ధం చేస్తూనే ఉంటారు.

నెల్లూరు జిల్లాకు ఈ విషయంలో గొప్ప చరిత్ర ఉన్నది. 1990వ దశకం ఆరంభంలో 'అక్షరదీపం' పేరుతో జరిగిన సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమంలో వేలాది గ్రామీణ స్త్రీలు రాత్రి కేంద్రాలలో పలక పట్టినారు. అక్కడి వాచకాలు వర్ణమాల వరుసతో కాక, స్త్రీల జీవితంలోని మాటలతో, సారాయి వలన చితికిన సంసారాల కథలతో నడచినవి. చదివినది తమ సంగతే కావడంతో దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1నుండి సారా నిషేధానికి దారితీసినది. బిడ్డకు మొదటి మాటగా 'అల'నో, 'వల'నో ఇవ్వడానికి, ఆ స్త్రీలకు మొదటి పాఠంగా వారి కథనే ఇవ్వడానికి మూలసూత్రం ఒక్కటే.

సరిహద్దు దాటిన ఇళ్ళు

2006 నాటి తమిళ అభ్యసన చట్టం వలన తమిళనాడు పాఠశాలలలో 2006-07నుండి ఒకటవ తరగతితో మొదలై తమిళం తప్పనిసరి అయినది. హోసూరు, కృష్ణగిరి, తిరువళ్ళూరు, చెన్నై ప్రాంతాల తెలుగు కుటుంబాలలో చాలామందికి తెలుగు అక్షరాలు నేర్పే చోటు ఇల్లే అయినది. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ప, బ లకు ఒకే అక్షరం. బడిలో ఆ లిపి నేర్చిన బిడ్డకు ఇంటివద్ద తెలుగు చెప్పేటప్పుడు కల-గల, పడి-బడి వంటి జంటలను చెవితో ఎక్కువగా సాధన చేయించవలెను. అమెరికాలో సిలికానాంధ్ర సంస్థ 2007లో 'మనబడి'ని ప్రారంభించినది. అక్కడి పిల్లలకు సమస్య మరొక విధమైనది. ట-త, డ-ద, ల-ళ, న-ణ ల భేదం ఆంగ్లానికి అలవాటు పడిన చెవికి వినబడదు. వినబడని భేదాన్ని వ్రాతలో చూపినందువలన ఫలితం ఉండదు కనుక, అక్కడ కూడా మొదటి పాఠం చెవికే.

గమనించవలసిన విషయాలు

పిల్లల నోట 'ర' ఆలస్యంగా వస్తుంది. 'రైలు'ను 'లైలు' అనడం 4 ఏండ్ల వయసులో సహజం. శ, ష లను 'స'గా పలకడం కూడా అంతే. అక్షరం గుర్తుపట్టి, పలుకు మాత్రం తప్పినచో దానిని చదువు తప్పుగా లెక్కించరాదు. పెద్దలు సరైన ఉచ్చారణతో ఆ మాటను తిరిగి ఒకసారి పలికి ముందుకు సాగవలెను.

అయితే 5 ఏండ్లు దాటినా ఇంటివారికి తప్ప ఇతరులకు మాట అర్థం కాకపోవడం, వెనుకనుండి పిలిస్తే తరచు పలకకపోవడం, క-త, ప-బ వంటి ధ్వనులను ఎన్నిసార్లు విన్నా ఒకటిగానే భావించడం కనబడితే వినికిడి పరీక్ష చేయించవలెను. చెవిలో చీము కారుతూ, తగ్గుతూ ఉండే పిల్లలలో వినికిడి కొంత తగ్గి, పెద్దలు గమనించేలోగా ఒకటి రెండు సంవత్సరాలు గడచిపోవడం జరుగుతుంది. ఆ కాలమంతా ఆ బిడ్డను మొద్దు అని పిలుస్తూ ఉంటారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెవి చూపించుకొని, అవసరమైనచో జిల్లా ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు వైద్యుని వద్ద పరీక్ష చేయించుకొనవచ్చును.